స్త్రీపర్వం లేని భారతం

హిందూపురంలో రైలెక్కి, కిటికీ పక్కన చోటు సంపాదించి, సంచిలోంచి పుస్తకం తీశానో లేదో, ఎదుటి బల్ల మీదినుంచి "ఫినిష్!" అని ఒక కేక వినిపించింది. ఎనిమిదేళ్ళ కుర్రవాడు. తల్లి ఒళ్ళో తల, కిటికీ కడ్డీల మీద కాళ్ళు, రెండు చేతుల్లోనూ ఫోను.

"ఏమి నాయనా, ఏది ఫినిష్ అయింది?" అన్నాను.

"మనిషి సార్" అన్నాడు తలెత్తకుండా.

"ఇప్పటికి ఎంతమందిని చంపావు?"

"చంపడం అనకూడదు సార్. ఫినిష్ అనల్ల. పదకొండు."

"మరి చచ్చినవాళ్ళు ఏమవుతారు?"

ఈ ప్రశ్నకు మాత్రం తలెత్తాడు. ఇంత వయసు వచ్చి ఈపాటి తెలియదా అన్నట్టు నన్నొకసారి చూసి, "పెట్టె అయిపోతారు సార్. పెట్టె దగ్గరికి పోతే వాళ్ళ తూటాలు, మందులు అన్నీ మనమే తీసుకోవచ్చు" అన్నాడు.

"ఏం చేద్దాం సార్, అదిస్తే గమ్మునుంటాడు. లేకుంటే ధర్మవరం దిగేదాకా నన్ను పీక్కుతింటాడు" అన్నది తల్లి. ఆమెను తప్పు పట్టే అర్హత నాకు లేదు. పిల్లల్ని వెంటబెట్టుకుని రైలు ప్రయాణం చేసిన వారెవరికీ వుండదు.

ఆ ఆట సంగతి నాకు కొంచెం తెలుసు. పబ్జీ అని మన దేశంలో పిల్లా పెద్దా ఆడుతూ వుండగా 2020 సెప్టెంబరు 2న ప్రభుత్వం నిషేధించింది. పిల్లలు చెడిపోతున్నారని కాదు సుమండీ, దేశ భద్రతకు సంబంధించిన కారణాలు చెప్పి. మరుసటి ఏడే అది పేరు మార్చుకుని తిరిగి వచ్చింది. వచ్చేటప్పుడు రెండు సంస్కారాలు చేసుకుంది. ఎర్రగా వున్న నెత్తురు పచ్చగా మారింది. 'చంపడం' అనే మాట పోయి 'ఫినిష్' వచ్చింది. తెలుగు పాఠాలు చెప్పుకునేవాణ్ణి గనుక నా మనసు ఆ రెండో మార్పు దగ్గరే ఆగిపోయింది. మాట మార్చితే పాపం తగ్గుతుందా అన్నది వ్యాకరణం తేల్చగల విషయం కాదు గాని, ఆ కుర్రవాడు చెప్పిన పెట్టె మాత్రం దారి పొడుగునా నన్ను వదలలేదు. చచ్చినవాడు శవం కాడు, వాడికోసం ఏడ్చేవారు రారు, వాడొక పెట్టె అవుతాడు. ఆ పెట్టెలోది చంపినవాడికి లాభం.

ఈ శీర్షిక చదివే సోదరి ఒకరు ధర్మవరం నుంచి రాసిన ఉత్తరం కూడా ఆ పూట నా సంచిలోనే వుంది. మగ్గం నేసే ఇల్లు. తొమ్మిదేళ్ళ కొడుకు ఆసు పుల్లలను కత్తులుగా చేసి చెల్లెలి మెడ మీద పెట్టి సినిమా మాటలు చెబుతున్నాడట. "సినిమాలు మానిపించాలా, కొట్టాలా, లేక పెద్దయితే పోతుందని వూరుకోవాలా?" అని అడిగారు. జవాబు రాయడానికి రెండు వారాలుగా కూర్చుంటున్నాను, లేస్తున్నాను.

ఎందుకంటే నేనూ ఆ బాపతే. 1987లో దూరదర్శన్‌లో రామాయణం వచ్చినప్పుడు మా వీధిలో చీపురుకట్టలు మిగలలేదు. ప్రతి పుల్లా బాణమే. ఆ మరుసటి ఏడు మహాభారతం మొదలయ్యాక గదలు వచ్చాయి. ఇంకాస్త పెద్దయి, 1999 సంక్రాంతికి సమరసింహారెడ్డి వచ్చినప్పుడు హాలులో ఈలలు వేసిన వాళ్ళలో నేనొకణ్ణి. తరువాత 2001లో నరసింహనాయుడు, 2002లో వరుసగా ఆది, ఇంద్ర, చెన్నకేశవరెడ్డి. ఆ మొదటి సినిమా కథానాయకుడి మీద మా హిందూపురానికి వున్న అభిమానం ఎంతటిదంటే, 2014 నుంచి వరుసగా మూడుసార్లు ఆయన్ని శాసనసభకు పంపింది. అభిమానాన్ని నేను కాదనడం లేదు. ఆ సినిమాలలో గాలిలోకి లేచిన సుమో బండ్లు మా పిల్లల ఆటలలో ఈనాటికీ దిగలేదని మాత్రం చెప్పాలి. ఆ సినిమాలు వచ్చిన నాటికి పుట్టని పిల్లలు తొడగొట్టి సవాలు చేస్తారు. తొడ అనగానే భారతంలో గుర్తుకు రావలసినవాడు దుర్యోధనుడు. నిండుసభలో ద్రౌపదికి తొడ చూపినవాడికి చివరికి ఆ తొడే విరిగింది. మా వీధిలో మాత్రం తొడ తట్టినవాడే నాయకుడు.

చూసింది చూసినట్టు పిల్లలు చేస్తారా? ఈ ప్రశ్నను 1961లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో ఆల్బర్ట్ బండూరా అనే పండితుడు పరీక్షకు పెట్టాడు. మన తంజావూరు బొమ్మలాగా, కొట్టినా లేచి నిలబడే పెద్ద రబ్బరు బొమ్మ. పెద్దవాళ్ళు దాన్ని సుత్తితో బాదుతూ వుండగా చూసిన పిల్లలు, తమ వంతు వచ్చినప్పుడు తామూ బాదారు. ఇది చాలామందికి తెలిసిన సంగతే. ఆయన 1965లో చేసిన మరొక పరీక్ష అంతగా ప్రచారంలో లేదు. అదే కొట్టడాన్ని ఫిల్ము తీసి మూడు ముగింపులతో చూపించాడు. ఒక దానిలో కొట్టినవాడికి మిఠాయిలు, మెచ్చుకోళ్ళు. రెండో దానిలో చీవాట్లు, దెబ్బలు. మూడో దానిలో ఏమీ లేదు. శిక్ష చూసిన పిల్లలు తక్కువగా కొట్టారు. సరే, కథ సుఖాంతం అనుకుంటాము. అప్పుడాయన పిల్లలందరినీ పిలిచి, "చూసింది చేసి చూపిస్తే బహుమతి ఇస్తాను" అన్నాడు. మూడు జట్ల పిల్లలూ సమానంగా చేసి చూపించారు. అంటే, ముగింపు ఏదైనా నేర్చుకోవడం మాత్రం అందరూ నేర్చుకున్నారు. చేయాలా వద్దా అన్నదాన్నే ముగింపు మార్చింది.

ఈ మాటను పట్టుకుని రేపటినుంచి పిల్లలందరూ వేటకొడవళ్ళు పడతారని భయపెట్టడం నా వుద్దేశం కాదు. బొమ్మ చేసిందే కొట్టడానికి కదా అని ఆనాడే ఆక్షేపించినవాళ్ళు వున్నారు. 2020లో అమెరికా మనస్తత్వవేత్తల సంఘం కూడా, వీడియో ఆటలను ఘోరమైన హింసకు కారణంగా చూపడానికి తగిన ఆధారాలు లేవనీ, అరుపులు, తోపులాటలవంటి చిన్న దూకుడుతో మాత్రం స్వల్పంగా సంబంధం కనబడుతున్నదనీ చెప్పింది. పెద్దలు తొందరపడి నేరం మోపిన సందర్భాలూ లేకపోలేదు. 1954లో ఫ్రెడ్రిక్ వెర్తామ్ అనే వైద్యుడు బొమ్మల కథల పుస్తకాలే పిల్లల్ని నేరస్థుల్ని చేస్తున్నాయని పెద్ద గ్రంథం రాస్తే అమెరికా అంతా గగ్గోలెత్తింది. ఆయన తన దగ్గరికి వచ్చిన పిల్లల మాటలను తనకు కావలసినట్టు మార్చి రాసుకున్నాడని, చాలా ఏళ్ళ తరువాత ఆయన కాగితాలు వెతికినవారు బయటపెట్టారు. ఆ లెక్కన మన చందమామను ఏనాడో తగలబెట్టవలసింది. ప్రతి నెలా శ్మశానం, చెట్టు, భుజం మీద శవం! ఆ శవాన్ని చూసి మనలో ఎవరూ చెడలేదు.

ఎందుకు చెడలేదు? నా కిప్పటికి తోచిన జవాబు మా లేపాక్షిలో దొరికింది. హిందూపురం చుట్టుపక్కల బడికి పోయే పిల్లలందరూ ఒక్కసారైనా లేపాక్షికి విహారయాత్ర పోయినవాళ్ళే. అచ్యుతరాయల కాలంలో కోశాధికారిగా వున్న విరుపణ్ణ ఖజానా సొమ్ము గుడికి ఖర్చు పెట్టాడని రాజు కోపించాడనీ, శిక్ష పడకముందే విరుపణ్ణ తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టాడనీ కథ. గోడ మీది రెండు ఎర్రని మరకలను గైడు వేలితో చూపిస్తాడు. ఎంత ఘోరమైన దృశ్యం! పసిపిల్లలకు చూపించదగినదేనా అని అడిగితే నేనేం చెప్పను? కాని నేను తోడు వెళ్ళిన ఒక యాత్రలో, అయిదో తరగతి పిల్ల ఒకతె ఆ మరకలను చాలాసేపు చూసి, "అయితే ఆయన ఇంటికి ఎట్ల పోయినాడు సార్?" అన్నది. గైడు దగ్గర జవాబు లేదు. నా దగ్గరా లేదు. గోడ దగ్గర కథ అయిపోయిందని మేమనుకున్నాము, ఆ పిల్లకు అక్కడే మొదలయింది.

తరువాత ఏమయింది అన్నది పిల్లలకు పుట్టుకతో వచ్చిన ప్రశ్న. మన పూర్వులు దాన్ని గౌరవించారు. చావు, యుద్ధం రంగస్థలం మీద చూపరాదని, మాటలలో తెలియజేయాలని నాట్యశాస్త్రం నియమం పెట్టింది. భాసుడు ఊరుభంగంలో ఆ నియమాన్ని దాటాడు. దాటి, విరిగిన తొడలతో పాకుతున్న దుర్యోధనుడి ఒళ్ళో కూర్చోవాలని వచ్చిన చిన్న కొడుకును చూపించాడు. ఇక భారతం సంగతి చెప్పనే అక్కరలేదు. పద్ధెనిమిది రోజుల యుద్ధాన్ని ఒక్కొక్క తల తెగినట్టు వర్ణించిన తిక్కనగారు, కౌరవులు చచ్చారు గదా అని గంటం పక్కన పెట్టలేదు. పదకొండోది స్త్రీపర్వం. కొడుకుల కోసం, మొగుళ్ళ కోసం యుద్ధభూమిలో వెతుక్కుంటూ వచ్చిన ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య గాంధారి. తర్పణాలు వదిలే వేళ కుంతి నోరు విప్పి, కర్ణుడు మీ అన్న అని చెబుతుంది. గెలిచినవాళ్ళకు తాము చంపింది ఎవర్నో అప్పుడు తెలిసింది.

బండి పెనుకొండలో ఆగింది. కొండ మీది కోట గోడలు కిటికీలోంచి కనబడతాయి. ఆ వూరు చూసినప్పుడల్లా నాకొక తప్పు గుర్తుకొస్తుంది. తప్పు నాదే.

చాలా ఏళ్ళ క్రిందట, ఆ చుట్టుపక్కల పల్లెనుంచి వచ్చిన విద్యార్థి ఒకడు నా తరగతిలో వుండేవాడు. కంచుగంటలాంటి గొంతు. పద్యం చదివితే పక్క తరగతిలో పాఠం ఆగేది. కాలేజీ వార్షికోత్సవానికి పిల్లలందరూ ఒక సినిమా ఘట్టం కావాలని, అందులో నాయకుడి మాటలు ఇతనే చెప్పాలని పట్టుబట్టారు. అతను వద్దన్నాడు. "ఏకపాత్రాభినయం ఏదైనా చేస్తాను సార్, ఇది మాత్రం వద్దు సార్" అన్నాడు. సిగ్గు కాబోలు అనుకున్నాను. కళాకారుడికి సిగ్గు పనికిరాదని వుపన్యాసం కూడా ఇచ్చాను. గురువు మాట కాదనలేక చేశాడు. హాలు ఈలలతో మోగిపోయింది. మధ్యలో, ఆడవాళ్ళ వరుసలో ఒకావిడ లేచి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోవడం చూశాను. కొడుకు బహుమతి తీసుకుంటుంటే చూడాలని బస్సెక్కి వచ్చిన వాళ్ళమ్మ.

అతనికి నాలుగేళ్ళప్పుడు తండ్రిని పగలలో నరికారట. ఆ ముక్క నాకెవరూ చెప్పలేదు, నేనడగనూ లేదు. మరుసటి ఆదివారం వాళ్ళ ఊరు వెళ్ళాను. ఆవిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. క్షమాపణ చెప్పబోతే వారించింది.

"మీకేం తెలుసు సార్. సినిమాలో నరికేది చూపిస్తారు. తొమ్మిదేండ్లు కోర్టుకు తిరిగినాను. ఆ తిరిగేది ఏ సినిమాలో చూపిస్తారు? ఆడపిల్లను బడి మాన్పించినాము. చేను బీడు పడిపోయింది, దున్నేదానికి ఎవురూ రాలేదు, భయం. వీడు చిన్నప్పుడు వీధిలో పిల్లోల్లు కట్టె కొడవళ్ళు పట్టుకుని ఆడుకుంటావుంటే, వీడెప్పుడూ చచ్చినోని వేషమే ఏస్తావుండె సార్. ఆట అయిపోయినా లేచేవాడు కాదు. నేను పోయి ఎత్తుకొస్తావుంటి."

కాఫీ చల్లారిపోయింది. తాగి వచ్చాను.

మా ప్రాంతం వారికి ఇవి కథలు కావు. పెనుకొండ శాసనసభ్యుడు పరిటాల రవీంద్ర తండ్రి శ్రీరాములు జీవితం మీద సినిమా మొదలుపెట్టిన రోజునే, 1997 నవంబరు 19న హైదరాబాదులో కారుబాంబు పేలి ఇరవైమందికి పైగా చనిపోయారు. చనిపోయినవారిలో ఆ ప్రారంభోత్సవాన్ని చిత్రీకరించడానికి వచ్చిన టీవీ ఉద్యోగులూ వున్నారు. రవీంద్ర 2005 జనవరి 24న అనంతపురంలో హత్యకు గురయ్యారు. 2010లో అదీ సినిమా అయింది. మాకు జరిగింది సినిమా కావడం, సినిమా అయింది మళ్ళీ మా పిల్లల ఆట కావడం, ఇట్లా ఒక చక్రం తిరుగుతూ వున్నది.

ఆ చక్రంలో మా పిల్లలకు తగిలిన దెబ్బ ఇంకొకటి వుంది. చదువుకు హైదరాబాదు వెళ్ళిన నా శిష్యులు సెలవులకు వచ్చినప్పుడు చెబుతారు. హాస్టలులో పెట్టె దించగానే, "ఏది, బాంబులు తెచ్చావా?" అని అడుగుతారట. నవ్వులాటకే అనుకోండి. అనంతపురం కరువు సీమ, ఇక్కడి జనం వేరుశనగ కాయ కోసం ఆకాశంకేసి చూసే జనం అని వాళ్ళకు ఏ సినిమా చెప్పింది? జార్జి గెర్బ్‌నర్ అనే అమెరికా ఆచార్యుడు, టీవీ అదేపనిగా చూసేవారికి లోకం వున్నదానికంటె ప్రమాదకరంగా కనబడుతుందని చెప్పాడు. లోకం సంగతి ఏమోగాని మా సీమ మాత్రం అట్లాగే కనబడుతున్నది. పిల్లిలాంటి కుర్రవాడొకడు మొదటి ఏడాది ఈ ప్రశ్నకు కంటనీరు పెట్టుకున్నాడు. రెండో ఏడాది మీసం పెంచి, "తెచ్చినా, చూస్తావా?" అనడం నేర్చుకున్నాడు. ఎవరూ జోలికి రాలేదట. అతనికి ఆ వేషం బాగానే పనికి వచ్చింది. అదే నా బాధ.

స్త్రీపర్వం తీసినవాళ్ళు లేరని కాదు. 1998లో కృష్ణవంశీ తీసిన అంతఃపురంలో, భర్తను పోగొట్టుకున్న తల్లి కొడుకును ఆ ఇంటి పగలనుంచి దూరంగా తీసుకుపోవాలని పరుగెత్తడమే కథ. 2018లో త్రివిక్రమ్ తీసిన అరవింద సమేతలో నాయకుడి తాపత్రయమంతా నరుకుళ్ళు ఆపడం గురించే. మా వీధి పిల్లలు మాత్రం అందులోంచి ఆడుకునేది మొదట్లో వచ్చే నరుకుడే. బండూరా చెప్పనే చెప్పాడు గదా.

చట్టాల మాట కూడా అడుగుతారు మీరు. వున్నాయి. 1952 నాటి సినిమా చట్టానికి 2023లో సవరణ తెచ్చి, పెద్దల తోడుతో చూడవలసిన సినిమాలను ఏడేళ్ళు, పదమూడేళ్ళు, పదహారేళ్ళు అని మూడు మెట్లు చేశారు. అదే ఏడాది డిసెంబరులో యానిమల్, సలార్ రెండూ పెద్దలకు మాత్రమే అన్న ముద్రతో వచ్చాయి. ఒకదానికి నేను వెళ్ళిన హాలులో, నా ముందు వరుసలో తండ్రి భుజం మీద మూడేళ్ళ పిల్ల. అడ్డగించవలసిన వాకిలి మనిషి ఆ పిల్ల బుగ్గ గిల్లి లోపలికి పంపాడు.

ధర్మవరం సోదరికి నేను రాయబోయే జవాబు ఇంతే: అమ్మా, ఆసు పుల్లలు లాక్కోవద్దు, కొట్టనూ వద్దు. వాడు చెల్లెల్ని 'చంపిన' తరువాత పక్కన కూర్చుని, ఇప్పుడు వాళ్ళమ్మ వస్తే ఏం చేస్తుందిరా అని అడగండి. వాడే చెబుతాడు. విసుక్కుంటే మర్నాడు మళ్ళీ అడగండి. దీనివల్ల వాడు మారతాడని హామీ మాత్రం ఇవ్వలేను.

ధర్మవరంలో దిగి నిమ్మలకుంట వెళ్ళాను. తోలుబొమ్మలకు పేరుపడిన వూరు. అక్కడి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. నేను కలుసుకున్నది మరొక పెద్దాయనను. మా కాలేజీలో ఒక ఆట పెట్టిద్దామని నా కోరిక. ఆయన బుట్టలోంచి ఒక్కొక్క బొమ్మే తీసి తెరకు ఆనించాడు. పది తలల రావణుడు, పక్కనే బంగారక్క, జుట్టుపోలిగాడు. చిన్నప్పుడు తెల్లవార్లూ చూసిన ఆట. పలకల మీద కాళ్ళతో దబదబ తొక్కుతుంటే, యుద్ధం నిజంగా మన గుండెలమీదే జరుగుతున్నట్టుండేది.

"రావణుడు చచ్చేటప్పుడు పిల్లలు జడుసుకోరా?" అన్నాను.

"జడుసుకోరు సార్. మండోదరి ఏడ్చేటప్పుడు ఏడుస్తారు. మా నాయన కాలంలో మండోదరి ఏడ్పు సరిగ్గా పాడకుంటే ఊరోళ్ళు దుడ్లు ఇయ్యకపోయిరి."

"మరి ఇప్పుడు?"

"ఇప్పుడు యాడ సార్, అర్ధగంటలో అయిపోవల్ల అంటారు. బడిలో కానీ, గవర్నమెంటు ఫంక్షన్లో కానీ అంతే. అందుకని యుద్ధం పెట్టుకుని మండోదరిని తీసేస్తాండాము."

నేను కాసేపు మాట్లాడలేదు. తరువాత, మా కాలేజీలో గంటన్నర ఇప్పిస్తాననీ, యుద్ధం కొంచెం తగ్గించి మండోదరిని వుంచమనీ అడిగాను.

ఆయన రావణుణ్ణి జాగ్రత్తగా మడతపడకుండా బుట్టలో పెడుతూ, "పెడతాను సార్, దానికేముంది. పిల్లోల్లు లేసి పోతారేమో, చూసుకోండి" అన్నాడు.

పోతారేమో. తేదీ ఖాయం చేసుకుని, బయానా ఇచ్చి, సాయంత్రం బండికి వచ్చేశాను.